వాయు కాలుష్య నియంత్రణ - ఓజోన్ పొర పరిరక్షణ: ఒకే వాయువు, రెండు బాధ్యతలు

ప్రతి సంవత్సరం సెప్టెంబరు 16వ తేదీని ప్రపంచ దేశాలు అంతర్జాతీయ ఓజోన్ పొర పరిరక్షణ దినోత్సవంగా పాటిస్తున్నాయి. ఓజోన్ పొరను క్షీణింపజేసే పదార్థాల నియంత్రణకు 1987లో అదే తేదీన కెనడాలోని మాంట్రియల్ నగరంలో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1994లో ఈ దినోత్సవాన్ని ప్రకటించగా, 1995 నుంచి ఇది అమలులోకి వచ్చింది. తెలుగు రాష్ట్రాలలోనూ ఆ రోజున పాఠశాలలు, కళాశాలలలో ప్రతిజ్ఞలు, ర్యాలీలు, వ్యాసరచన పోటీలు జరుగుతున్నాయి.

ఇవన్నీ అవసరమైనవే. అయితే ఆ సందర్భంగా ప్రదర్శించే నినాద ఫలకాలలోను, మరునాటి వార్తలలోను ఒక పొరపాటు తరచుగా దొర్లుతున్నది. వాహనాల పొగ వల్ల ఓజోన్ పొరకు చిల్లు పడుతున్నదని, ఆ పొగను అరికడితే చిల్లు పూడుతుందని రాయడం పరిపాటి అయింది. వాస్తవం దాదాపు ఇందుకు విరుద్ధంగా ఉన్నది. వాహనాల పొగ ఆకాశంలోని ఓజోన్ పొరను హరించదు. అది నేలకు సమీపంలో, మనుషులు పీల్చే గాలిలో, కొత్తగా ఓజోన్‌ను పుట్టిస్తుంది. పైనున్న ఓజోన్ తగ్గరాదు, కిందనున్న ఓజోన్ పెరగరాదు. ఈ రెండింటికీ కారణాలు వేరు, చట్టాలు వేరు, బాధ్యత వహించవలసిన శాఖలు వేరు. ఈ తేడా తెలియకపోతే ఒక శాఖ చేయవలసిన పనిని మరొక శాఖ నుంచి ఆశించే పరిస్థితి ఏర్పడుతుంది.

పైనున్న ఓజోన్ రక్షణ కవచం

మూడు ఆక్సిజన్ పరమాణువులు కలిసిన అణువే ఓజోన్. వాతావరణంలోని ఓజోన్‌లో దాదాపు 90 శాతం స్ట్రాటో ఆవరణంలో, ప్రధానంగా 15 నుంచి 35 కిలోమీటర్ల ఎత్తున విస్తరించి ఉన్నది. పొర అనే మాట విని దట్టమైన దుప్పటి వంటిదని భావించరాదు. భూమి పైనున్న మొత్తం ఓజోన్‌ను నేలమట్టపు పీడనం వద్దకు తెచ్చి పరిస్తే దాని మందం సగటున 3 మిల్లీమీటర్లు మాత్రమే ఉంటుంది. ఈ మందాన్ని డాబ్సన్ యూనిట్లలో కొలుస్తారు. 3 మిల్లీమీటర్లు అంటే 300 డాబ్సన్ యూనిట్లు. సూర్యుని నుంచి వచ్చే హానికర అతినీలలోహిత కిరణాలలో అత్యధిక భాగాన్ని ఈ పలుచని వాయువే అడ్డుకుంటున్నది. ఆ కిరణాల తీవ్రత పెరిగితే చర్మ కేన్సర్లు, కంటి శుక్లాలు అధికమవుతాయి. పంటలకు, సముద్రంలోని సూక్ష్మ జీవరాశికి కూడా నష్టం వాటిల్లుతుంది.

'ఓజోన్ చిల్లు' అనే పదం ప్రచారంలో స్థిరపడినప్పటికీ అది నిజమైన రంధ్రం కాదు. ఓజోన్ మందం 220 డాబ్సన్ యూనిట్ల కంటే తగ్గిన ప్రాంతాన్ని శాస్త్రవేత్తలు ఆ పేరుతో వ్యవహరిస్తారు. ఇది ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలలలో అంటార్కిటికా ఖండంపై ఏర్పడి, సంవత్సరాంతానికి సర్దుకుంటుంది. భారతదేశంపై ఓజోన్ చిల్లు లేదు. ఉష్ణమండల ప్రాంతాలపై జరిగిన క్షీణత స్వల్పమే. అంతమాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీలులేదు. ఉష్ణమండలంలో ఓజోన్ మందం సహజంగానే తక్కువ, ఎండ నడినెత్తిన కాస్తుంది కనుక అతినీలలోహిత కిరణాల తీవ్రత ఇక్కడ ముందునుంచే ఎక్కువ.

క్షీణతకు ప్రధాన కారకాలు క్లోరోఫ్లోరోకార్బన్లు. సంక్షిప్తంగా సీఎఫ్‌సీలు. అమెరికన్ ఇంజనీరు థామస్ మిడ్‌గ్లీ బృందం 1928లో రిఫ్రిజిరేటర్ల కోసం వీటిని రూపొందించింది. అంతకు ముందు వాడుతున్న అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లీకైతే ప్రాణాపాయం కలిగేది. సీఎఫ్‌సీలు మండవు, విషపూరితం కావు, చౌకగా లభిస్తాయి. కనుకనే అవి శీతల యంత్రాలలోను, స్ప్రే డబ్బాలలోను, పరుపుల ఫోమ్ తయారీలోను ప్రవేశించాయి. అదే మిడ్‌గ్లీ 1921లో పెట్రోలులో సీసం కలిపే విధానాన్ని కూడా కనుగొన్నారు. నేలపైని గాలిని దశాబ్దాల పాటు విషపూరితం చేసిన పదార్థం, ఆకాశంలోని ఓజోన్‌ను హరించిన పదార్థం రెండూ ఒకే ప్రయోగశాల సంప్రదాయం నుంచి రావడం చరిత్రలోని విచిత్రం. భారతదేశం సీసం కలిసిన పెట్రోలును 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా నిలిపివేసింది.

సీఎఫ్‌సీల మంచి గుణమే చెడుకు మూలమయింది. అవి దేనితోనూ చర్య జరపవు కనుక వానకు కరగవు, నేలమట్టపు గాలిలో విచ్ఛిన్నం కావు. ఏళ్ల తరబడి తేలుతూ స్ట్రాటో ఆవరణానికి చేరుకుంటాయి. అక్కడి తీవ్రమైన అతినీలలోహిత కిరణాల ధాటికి విడిపోయి క్లోరిన్‌ను వెలువరిస్తాయి. ఒక క్లోరిన్ పరమాణువు నిష్క్రియం కావడానికి ముందు లక్ష వరకు ఓజోన్ అణువులను నాశనం చేయగలదని అంచనా. మారియో మొలీనా, షెర్వుడ్ రౌలాండ్ 1974లో ఈ ప్రమాదాన్ని వెల్లడించారు. సీఎఫ్‌సీలు భూమిని వేడెక్కించే హరితగృహ వాయువులు కూడానని మరుసటి సంవత్సరం, 1975లో, భారతీయ శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ నిరూపించారు. 1985లో జోసెఫ్ ఫార్మన్, బ్రయన్ గార్డినర్, జొనాథన్ షాంక్లిన్ అంటార్కిటికాపై వసంతకాలపు ఓజోన్ అనూహ్యంగా పడిపోయిన విషయాన్ని ప్రచురించారు. మొలీనా, రౌలాండ్, పాల్ క్రుట్జెన్‌లకు 1995లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు ఇందుకు భిన్నమైనవి. అవి గంటలలో, రోజులలో మార్పుచెంది వర్షంతో నేలకు దిగిపోతాయి, అంత ఎత్తుకు చేరవు. పొలాలలో వేసే నత్రజని ఎరువుల నుంచి వెలువడే నైట్రస్ ఆక్సైడ్ మాత్రం పైకి చేరి ఓజోన్‌ను కొంతమేరకు క్షీణింపజేస్తుంది. పేర్లలోని పోలిక వల్ల ఈ రెండింటినీ కలిపివేయరాదు.

హైదరాబాద్ గగనతలం నుంచి నమూనాలు

ఈ పరిశోధనలో తెలుగు నేలకు కూడా స్థానం ఉన్నది. టాటా మౌలిక పరిశోధన సంస్థ హైదరాబాద్‌లో నిర్వహిస్తున్న బెలూన్ కేంద్రం నుంచి భారీ బెలూన్లు స్ట్రాటో ఆవరణంలోకి ఎగురవేయబడ్డాయి. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు జర్మనీ శాస్త్రవేత్తలతో కలిసి 1980వ దశకం ద్వితీయార్ధంలోను, 1990వ దశకంలోను ఇక్కడి నుంచి పంపిన పరికరాలు వేర్వేరు ఎత్తులలో గాలిని అతిశీతల స్థితిలో బంధించి తెచ్చాయి. ఉష్ణమండలంపై సీఎఫ్‌సీలు ఎంత ఎత్తున ఎంత మేరకు ఉన్నాయో ఆ నమూనాల విశ్లేషణలో తేలింది. తిరుపతి సమీపంలోని గాదంకిలో గల జాతీయ వాతావరణ పరిశోధనశాల పై వాతావరణ అధ్యయనాన్ని కొనసాగిస్తున్నది. సీఎఫ్‌సీలకు ప్రత్యామ్నాయమైన హెచ్‌ఎఫ్‌సీ-134ఏ తయారీ ప్రక్రియపై హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధన జరిపింది.

మాంట్రియల్ ఒప్పందం - భారతదేశం

మాంట్రియల్ ఒప్పందం 1989 జనవరి 1న అమలులోకి వచ్చింది. భారతదేశం తొలుత అందులో చేరలేదు. సంపన్న దేశాలు దశాబ్దాల పాటు సీఎఫ్‌సీలను వాడి కలిగించిన నష్టానికి, అప్పుడప్పుడే ఫ్రిజ్‌లు కొనుక్కుంటున్న దేశాలు మూల్యం చెల్లించాలా అన్నది నాటి వాదన. 1990లో లండన్‌లో జరిగిన సమావేశంలో, పర్యావరణ శాఖను నిర్వహిస్తున్న మేనకా గాంధీ నాయకత్వంలోని భారత ప్రతినిధివర్గం చైనాతో పాటు ఈ వాదనను గట్టిగా వినిపించింది. ఫలితంగా వర్ధమాన దేశాలకు ఆర్థిక సహాయం, సాంకేతిక పరిజ్ఞానం అందించేందుకు బహుపాక్షిక నిధి ఏర్పాటయింది. ఆ తరువాతనే, 1992లో, భారతదేశం ఒప్పందంలో భాగస్వామి అయింది. వాతావరణ మార్పులపై నేటి చర్చలలో వినిపిస్తున్న న్యాయసూత్రం తొలిసారి నిధుల రూపం దాల్చింది ఈ ఒప్పందంలోనే.

పర్యావరణ పరిరక్షణ చట్టం, 1986 కింద కేంద్ర ప్రభుత్వం ఓజోన్ క్షీణక పదార్థాల (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలు, 2000ను జారీ చేసింది. ఉత్పత్తి, దిగుమతి, ఎగుమతి, విక్రయం వీటి పరిధిలోకి వచ్చాయి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖలోని ఓజోన్ విభాగం వీటి అమలును సమన్వయపరుస్తున్నది. 2008 ఆగస్టు 1 నుంచి, అంటే గడువుకు 17 నెలలు ముందుగానే, దేశంలో సీఎఫ్‌సీల ఉత్పత్తి నిలిచిపోయింది. ఉబ్బస రోగులు వాడే ఇన్‌హేలర్లకు మాత్రమే అప్పట్లో మినహాయింపు ఇవ్వబడింది. గాలి అందని రోగి చేతిలోని మందును ఓజోన్ పేరిట లాగివేయకుండా, ప్రత్యామ్నాయం సిద్ధమయ్యే వరకు వేచి ఉండడం సముచితమైన నిర్ణయం. అగ్నిమాపక సాధనాలలో వాడే హేలాన్లు, కార్బన్ టెట్రాక్లోరైడ్ కూడా 2010 జనవరి 1 నాటికి నియంత్రిత వినియోగాల నుంచి తొలగిపోయాయి.

తరువాతి వంతు హెచ్‌సీఎఫ్‌సీలది. ఇవి సీఎఫ్‌సీల కంటే తక్కువ హానికరమైనందున తాత్కాలిక ప్రత్యామ్నాయంగా అనుమతించబడ్డాయి. ఫోమ్ తయారీలో వాడే హెచ్‌సీఎఫ్‌సీ-141బి వినియోగానికి 2020 జనవరి 1 నుంచి స్వస్తి పలకడం జరిగింది. ఎయిర్ కండిషనర్లలో 'ఆర్-22'గా మెకానిక్‌లందరికీ పరిచితమైన హెచ్‌సీఎఫ్‌సీ-22ను 2025 జనవరి 1 నుంచి కొత్త ఉపకరణాల తయారీలో వాడేందుకు నిబంధనలు అనుమతించవు. పాత యంత్రాల మరమ్మతుకు మాత్రం కొంతకాలం లభ్యమవుతుంది.

ప్రపంచ దేశాలన్నీ ఆమోదించిన ఈ ఒప్పందం ఫలితాలు కొలతలలోనే కనిపిస్తున్నాయి. నిషేధిత పదార్థాలలో దాదాపు 99 శాతం వాడుక నుంచి తొలగిపోయాయి. 2023 జనవరిలో వెలువడిన అంతర్జాతీయ శాస్త్రీయ మదింపు ప్రకారం ప్రస్తుత విధానాలు కొనసాగితే ఓజోన్ పొర 1980 నాటి స్థితికి అంటార్కిటికాపై సుమారు 2066 నాటికి, ఆర్కిటిక్‌పై 2045 నాటికి, మిగిలిన ప్రపంచంపై 2040 నాటికి చేరుకోగలదు. చిల్లు పరిమాణం మాత్రం ఏటికేడు హెచ్చుతగ్గులకు లోనవుతుంటుంది. 2020 నుంచి 2023 వరకు అది పెద్దదిగా ఉండగా, 2024లో చిన్నదిగా నమోదయింది. ఒక సంవత్సరపు అంకెను చూసి 'ఓజోన్ కోలుకుంది' అని గాని, 'మళ్లీ ముప్పు' అని గాని శీర్షిక పెట్టడం తొందరపాటు అవుతుంది.

ఈ విజయగాథలో అధికారులు ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం ఒకటి ఉన్నది. ప్రపంచమంతటా నిలిపివేయబడిన సీఎఫ్‌సీ-11 వాతావరణంలో తగ్గవలసిన వేగంతో తగ్గడం లేదని, ఎక్కడో కొత్తగా ఉత్పత్తి జరుగుతున్నదని 2018లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కొరియా, జపాన్ కేంద్రాల గాలి నమూనాలను విశ్లేషించి, అదనపు ఉద్గారాలలో అధిక భాగం తూర్పు చైనా నుంచి వస్తున్నట్లు 2019లో నిర్ధారించారు. ఆ తరువాత ఉద్గారాలు వేగంగా తగ్గినట్లు 2021లో వెలువడిన అధ్యయనాలు తెలిపాయి. నిషేధం కాగితంపై సంపూర్ణంగానే ఉన్నది. ఉల్లంఘనను పట్టించినది కొలమానం.

మెకానిక్ చేతిలో మిగిలిన పని

సీఎఫ్‌సీలు, హెచ్‌సీఎఫ్‌సీల స్థానంలో వచ్చిన హెచ్‌ఎఫ్‌సీలలో క్లోరిన్ లేదు. అవి ఓజోన్‌కు హాని చేయవు. అయితే అవి శక్తిమంతమైన హరితగృహ వాయువులు. కారు ఏసీలలో వాడే హెచ్‌ఎఫ్‌సీ-134ఏ ఒక కిలో గాలిలో కలిస్తే వందేళ్ల కాలవ్యవధిలో సుమారు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన తాపనం కలుగుతుంది. అందుచేత 2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి సవరణ చేయబడింది. భారతదేశం 2021 సెప్టెంబరులో దీనిని ధ్రువీకరించింది. 2024, 2025, 2026 సంవత్సరాల వినియోగం ప్రాతిపదికగా 2028 నుంచి పరిమితి విధించి, 2032 నాటికి 10 శాతం, 2037 నాటికి 20 శాతం, 2042 నాటికి 30 శాతం, 2047 నాటికి 85 శాతం తగ్గించడం భారతదేశపు ఒప్పంద బాధ్యత. వేసవిలో శీతలీకరణ అనేక కుటుంబాలకు అవసరంగా మారుతున్న దృష్ట్యా 2019 మార్చిలో జాతీయ శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక కూడా విడుదలయింది.

కర్మాగారపు ద్వారం వద్ద జరగవలసిన నియంత్రణ చాలావరకు జరిగింది. మిగిలిన పని వీధిలోని మరమ్మతు దుకాణంలో ఉన్నది. ఏసీ చల్లబరచడం లేదని పిలిస్తే, లోపలనున్న పాత గ్యాస్‌ను గాలిలోకి వదిలివేసి కొత్త గ్యాస్ నింపడం అనేక చోట్ల అలవాటు. లీకు ఎక్కడున్నదో వెదకి అతకకుండా ఏటా గ్యాస్ నింపించుకునే వినియోగదారులూ తక్కువేమీ కాదు. పాత గ్యాస్‌ను ప్రత్యేక యంత్రంతో సిలిండరులోకి పట్టి, శుద్ధి చేసి తిరిగి వాడవచ్చు. ఇందుకు పరికరం కావాలి, శిక్షణ కావాలి, అదనంగా పట్టే సమయానికి కూలి కావాలి. పైగా కొత్తగా వస్తున్న ఆర్-32 స్వల్పంగా మండే గుణం కలది, ఆర్-290 అనబడే ప్రొపేన్ తేలికగా అంటుకుంటుంది. వీటిని పాత పద్ధతిలో నిర్వహిస్తే మెకానిక్ ప్రాణానికే ముప్పు. హెచ్‌సీఎఫ్‌సీల తొలగింపు ప్రణాళికలో భాగంగా దేశవ్యాప్తంగా సర్వీసింగ్ మెకానిక్‌లకు శిక్షణ ఇవ్వబడుతున్నది. ప్రభుత్వ కార్యాలయాలు, ఆసుపత్రులు, శీతల గిడ్డంగుల నిర్వహణ టెండర్లలో గ్యాస్ రికవరీ, శిక్షణ పొందిన మెకానిక్ అనే రెండు షరతులు చేర్చడం అధికారుల చేతిలోని పనే.

కిందనున్న ఓజోన్ కాలుష్యం

ఇక నేలమట్టపు గాలి విషయం. ఇక్కడ ఓజోన్‌ను ఏ గొట్టమూ నేరుగా విడుదల చేయదు. వాహనాలు, బాయిలర్లు, జనరేటర్ల నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, పెట్రోలు ఆవిర్లు, పెయింట్లు, రసాయన ద్రావణుల నుంచి వచ్చే కర్బన ఆవిర్లతో కలిసి ఎండ సమక్షంలో చర్య జరపగా ఓజోన్ జనిస్తుంది. కనుక ఇది మధ్యాహ్నపు కాలుష్యం, ఎండ అధికంగా ఉండే నెలల కాలుష్యం. మబ్బులు పట్టి వానలు కురిసే రోజులలో తగ్గుతుంది. ద్రావణులను విస్తారంగా వాడే బల్క్ డ్రగ్ పరిశ్రమలు గల పటాన్‌చెరు వంటి ప్రాంతాలలో కర్బన ఆవిర్ల నియంత్రణకు ప్రాముఖ్యం ఏర్పడింది ఈ కారణంగానే. పెట్రోలు బంకులలో ఆవిరిని తిరిగి పట్టే పరికరాల అమరిక కూడా ఇదే కోవలోకి వస్తుంది.

ఈ ఓజోన్ ఊపిరితిత్తుల లోపొరను రేపుతుంది, ఉబ్బసాన్ని తీవ్రతరం చేస్తుంది. పంట ఆకులలోకి చేరి దిగుబడిని తగ్గిస్తుంది. ఇది వాయువు కనుక ధూళి నుంచి కాపాడే మాస్కు దీనిని ఆపదు. ఆరుబయట పనిచేసే కూలీలు, ట్రాఫిక్ పోలీసులు, పాఠశాల మైదానంలోని పిల్లలు మధ్యాహ్న వేళ నీడకు చేరడమే ఉపశమనం. వడగాడ్పుల హెచ్చరికలో ఇచ్చే సలహాయే దీనికీ వర్తిస్తుంది.

ఓజోన్ ప్రవర్తనలో ఒక మెలిక ఉన్నది. రద్దీ కూడలిలో వాహనాల నుంచి అప్పుడే వెలువడిన నైట్రిక్ ఆక్సైడ్ అక్కడి ఓజోన్‌ను హరించివేస్తుంది. అందువల్ల కూడలిలోని యంత్రం తక్కువ ఓజోన్‌ను, గాలి వాలున ఉన్న శివారు ప్రాంతపు యంత్రం ఎక్కువ ఓజోన్‌ను చూపవచ్చు. 2020 వసంతంలో లాక్‌డౌన్ కాలంలో దేశంలోని పలు నగరాలలో ధూళి, నైట్రోజన్ డయాక్సైడ్ గణనీయంగా తగ్గినా ఓజోన్ అదే నిష్పత్తిలో తగ్గలేదు, కొన్నిచోట్ల పెరిగింది కూడా. నైట్రోజన్ ఆక్సైడ్లను, కర్బన ఆవిర్లను రెండింటినీ కలిపి తగ్గిస్తేనే ప్రయోజనం కలుగుతుంది.

తెలుగు రాష్ట్రాల నగరాలలో సంవత్సరంలో అధిక భాగం ప్రధాన సమస్య మాత్రం సూక్ష్మ ధూళి. 2.5 మైక్రాన్ల లోపు కణాలు ఊపిరితిత్తుల లోతుకు, అక్కడి నుంచి రక్తంలోకి చేరగలవు. రోడ్ల ధూళి, నిర్మాణాలు, వాహనాలు, చెత్త తగులబెట్టడం, ఇటుక బట్టీలు, రాతి క్రషర్లు, బొగ్గు దహనం దీనికి మూలాలు. విశాఖపట్నం కొండల నడుమ గిన్నె ఆకారంలో ఉన్నందున బొగ్గు, ఖనిజాలు దిగుమతి ఎగుమతుల సమయంలో లేచే ధూళి తేలికగా చెదరిపోదు. వరికోత యంత్రాల వాడకం పెరిగిన మండలాలలో కొయ్యకాళ్లకు నిప్పుపెట్టే అలవాటు కొత్త సమస్యగా తోడయింది.

చట్టం, ప్రమాణాలు, నగరాలు

వాయు కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం 1981 మే 16న అమలులోకి వచ్చింది. 1972లో స్టాక్‌హోంలో జరిగిన మానవ పర్యావరణ సదస్సు నిర్ణయాలే ఈ చట్టానికి ప్రాతిపదిక అని దాని పీఠిక పేర్కొంటున్నది. 1976లో జలచట్టం కింద ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి గాలి బాధ్యతను కూడా చేపట్టింది. 2014లో తెలంగాణకు ప్రత్యేక మండలి ఏర్పాటయింది. చట్టంలోని 21వ సెక్షను ప్రకారం పరిశ్రమలు మండలి సమ్మతి పొందాలి. 31-ఏ సెక్షను కింద పరిశ్రమను మూసివేయడానికి, విద్యుత్తు, నీరు నిలిపివేయడానికి మండలి ఆదేశించవచ్చు. వాహనాల విషయం 20వ సెక్షనులో ఉన్నది. మండలితో సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం రవాణా అధికారులకు ఆదేశాలు జారీ చేస్తుంది. అంటే రోడ్డుపై పొగ వదిలే లారీని ఆపవలసినది మండలి ఇంజనీరు కాదు, రవాణా, పోలీసు సిబ్బంది. జన విశ్వాస్ చట్టం, 2023 ద్వారా వాయు చట్టంలోని పలు శిక్షల స్థానంలో 10 వేల నుంచి 15 లక్షల రూపాయల వరకు జరిమానాలు ప్రవేశపెట్టబడ్డాయి. ఇవి 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నాయి.

2009 నవంబరులో ప్రకటించిన జాతీయ ప్రమాణాలు 12 కాలుష్యకాలకు పరిమితులు నిర్దేశించాయి. పీఎం 2.5కు ఘనపు మీటరు గాలిలో వార్షిక సగటు 40 మైక్రోగ్రాములు, 24 గంటల సగటు 60 మైక్రోగ్రాములు. ఓజోన్‌కు 8 గంటల సగటు 100, ఒక గంటకు 180 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం 2.5 వార్షిక పరిమితిని 5 మైక్రోగ్రాములుగా సూచించింది. కనుక ఒక నగరం జాతీయ ప్రమాణాలకు లోబడి ఉన్నదంటే అక్కడి గాలి పూర్తిగా నిరపాయమని అర్థం కాదు.

ఇంధన ప్రమాణాలలో సాధించిన ప్రగతి చెప్పుకోదగినది. హైదరాబాద్‌లో 2005 నుంచి భారత్ స్టేజ్-3, 2010 నుంచి స్టేజ్-4 అమలయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి స్టేజ్-6 దేశమంతటా అమలులోకి రావడంతో ఇంధనంలో గంధకం పది లక్షల భాగాలకు 50 నుంచి 10కి తగ్గింది. వాహనాల సంఖ్య పెరుగుదల ఈ ప్రయోజనంలో కొంత భాగాన్ని హరించివేస్తున్నది.

2019 జనవరిలో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి విజయవాడ, విశాఖపట్నం, గుంటూరు, కర్నూలు, నెల్లూరు సహా 13 నగరాలు, తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్గొండ, పటాన్‌చెరు తదితర ప్రాంతాలు చేరాయి. 2017 స్థాయితో పోల్చి ధూళి కణాలను 20 నుంచి 30 శాతం తగ్గించాలన్న తొలి లక్ష్యం తరువాత 2025-26 నాటికి 40 శాతంగా సవరించబడింది. 15వ ఆర్థిక సంఘం హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి పది లక్షలు మించిన జనాభా గల నగరాలకు గాలి నాణ్యత మెరుగుదలతో ముడిపెట్టి నిధులు సిఫారసు చేసింది. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీరు చిలకరించే వాహనాలు కొనడం తేలిక. పైకప్పు కప్పని ఇసుక, కంకర లారీలను ఆపడం, నిర్మాణ స్థలాలకు తెరలు కట్టించడం, చెత్తకు నిప్పు పడకుండా చూడడం ప్రతిరోజూ చేయవలసిన పని, ఫొటోకు అందని పని. ఓజోన్ ఒప్పందం కొద్దిపాటి కర్మాగారాలలో తయారయ్యే కొద్ది రసాయనాలతో వ్యవహరించింది. ధూళికి కర్మాగారం ఒకటి కాదు, ఊరంతా దాని కర్మాగారమే.

సూచీని చదవడం ఎలా

2015 ఏప్రిల్‌లో ప్రారంభమైన జాతీయ వాయు నాణ్యత సూచీ ఎనిమిది కాలుష్యకాలను పరిగణనలోకి తీసుకుంటుంది. వీటిలో కనీసం మూడింటి గణాంకాలు, అందులో ఒకటి తప్పనిసరిగా ధూళి కణాలది, లభించినప్పుడే సూచీని లెక్కిస్తారు. సూచీ అనేది ఎనిమిదింటి సగటు కాదు. వాటిలో అధ్వానంగా ఉన్న దాని స్థాయినే సూచీగా ప్రకటిస్తారు. సూచీ 50 వరకు 'మంచిది', 100 వరకు 'సంతృప్తికరం', 200 వరకు 'మధ్యస్థం', 300 వరకు 'పేలవం', 400 వరకు 'అతి పేలవం', ఆపైన 'తీవ్రం'. సూచీ 150 అని మాత్రమే రాస్తే కారణం ధూళియా, ఓజోనా అన్నది పాఠకునికి తెలియదు. ప్రధాన కాలుష్యకం పేరు, కేంద్రం ఉన్న ప్రాంతం, సమయం జతచేయడం ఉపయుక్తం. ఒక కేంద్రం అంకెను నగరం మొత్తానికి ఆపాదించడం, ఒక గంట అంకెను రోజంతటి సగటుగా చూపడం వివాదాలకు తావిస్తున్నాయి.

కేంద్రాలు రెండు రకాలు. నిరంతరాయ కేంద్రాలు ఓజోన్ సహా వివిధ కాలుష్యకాలను గంటగంటకూ నమోదు చేస్తాయి. మాన్యువల్ కేంద్రాలలో సాధారణంగా వారానికి రెండు రోజులు నమూనాలు సేకరించి ధూళి, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్‌లను కొలుస్తారు. అక్కడ ఓజోన్ కొలత ఉండదు. మాన్యువల్ కేంద్రం మాత్రమే ఉన్న జిల్లా కేంద్రంలో వేసవి గాలి 'సంతృప్తికరం' అని నివేదిక వచ్చినప్పుడు, ఆ నివేదిక ఓజోన్ గురించి ఏమీ చెప్పడం లేదని గ్రహించాలి. ఏప్రిల్, మే నెలలలో జిల్లా సమీక్షా సమావేశాలకు గణాంకాలు సమర్పించే అధికారులు ఏ కాలుష్యకాలు కొలవబడ్డాయో, ఏవి కొలవబడలేదో నివేదిక మొదటి పేజీలోనే పేర్కొంటే, ఆరోగ్య శాఖకు, విద్యా శాఖకు మధ్యాహ్న వేళల హెచ్చరికలపై నిర్ణయం తీసుకోవడానికి వీలు కలుగుతుంది.